ఛేనీ ముఖం చూడాలి నువ్వు

ప్రియమైన రఘూ,

ఇంటి కబుర్లు ఇంకో ఉత్తరంలో రాస్తాను. ఇందులో ఒక్క సినిమా గురించే చెప్పనివ్వు. 1928లో టాడ్ బ్రౌనింగ్ తీసిన మూకీ, ‘వెస్ట్ ఆఫ్ జాంజిబార్’. హీరో లాన్ ఛేనీ. కథంతా ముందే చెప్పేస్తున్నాను, అయినా నువ్వు చూడాల్సిందే.

ఫ్రోసో లండన్‌లో ఇంద్రజాలికుడు. నిలువు శవపేటికలో అస్థిపంజరాన్ని చూపించి, పెట్టె తిప్పేసరికి అందులోంచి తన భార్యను రప్పిస్తాడు. ఆమెను తీసుకుపోతానంటూ క్రేన్ అనేవాడు వస్తాడు. పెనుగులాటలో ఫ్రోసో పైనుంచి పడి రెండు కాళ్లూ చచ్చుబడిపోతాయి. ఏడాది తర్వాత ఆమె ఒక చర్చిలో శవమై కనిపిస్తుంది, పక్కనే పసిపాప. ఆ పాప క్రేన్ బిడ్డే అనుకుంటాడు ఫ్రోసో. ఇక పద్దెనిమిదేళ్ల పగ! ఆఫ్రికా చేరి, ఆ పిల్లను జాంజిబార్‌లో ఒక నీచమైన సారా కొట్టులో పెరగనిచ్చి, ఆ తర్వాత తన దగ్గరికి రప్పించి తాగుడుకు బానిసను చేస్తాడు. ఇదంతా క్రేన్‌కు చూపించడానికే.

ఇప్పుడు అసలు ఘట్టం. క్రేన్ వస్తాడు. ‘ఇదిగో నీ కూతురు’ అంటాడు ఫ్రోసో. క్రేన్ తల దించుకుంటాడు, భుజాలు అదురుతుంటాయి. ఏడుస్తున్నాడని ఫ్రోసో మురిసిపోతాడు. తీరా చూస్తే వాడు నవ్వుతున్నాడు! ఫ్రోసో భార్య తనతో రానేలేదని, ఆ పిల్ల ఫ్రోసో కూతురేనని చెబుతాడు. అప్పుడు చూడాలి ఛేనీని. ముఖం మీద గెలుపు ఇంకా చెరగలేదు, కళ్లలో మాత్రం అంతా కూలిపోయింది. నోరు కదులుతుంది, మాట రాదు. ఛేనీ తల్లిదండ్రులిద్దరూ బధిరులు, రఘూ. చిన్ననాటి నుంచీ సైగలతో, ముఖంతో మాట్లాడి పెరిగినవాడు. ఆ ఘట్టంలో అదంతా అక్కరకొచ్చింది.

క్రేన్ చావుకు పన్నిన పన్నాగం ఫ్రోసో మెడకే చుట్టుకుంటుంది. క్రేన్ చనిపోతాడు, ఆ పిల్ల అతని కూతురేనని అక్కడివాళ్ల నమ్మకం. చనిపోయినవాడితో పాటు కూతురినీ చితి ఎక్కించడం అక్కడి ఆచారమని కథ. ఆఫ్రికా వాళ్లను అంత అనాగరికులుగా చూపించడం నాకు మింగుడుపడలేదు, ఎంత పాత సినిమా అయినా సరే. కానీ కూతురిని కాపాడటానికి ఆ తండ్రికి మిగిలిన విద్య ఒక్కటే, ఆ పాత పెట్టె గారడీ. ఆమెను తప్పించి తాను బలైపోతాడు. నేనే నీ తండ్రినని మాత్రం ఆమెతో అనడు.

అక్కడే నా మనసు చిక్కుకుంది. చెబితే తన గుండె బరువు దిగేది. వినే ఆమెకు మాత్రం, తనను అంతగా హింసించినవాడు కన్నతండ్రేనన్న నరకం మిగిలేది. ప్రేమంటూ వచ్చాక అతను చేసిన మొదటి మంచిపని ఆ మౌనమేనని నా నమ్మకం. మా అక్క ఒప్పుకోవడం లేదు, తండ్రి ఎవరో తెలుసుకునే హక్కు ఆ పిల్లకుంది అంటుంది. నువ్వు చూసి నీ మాట రాయి. క్షమించాలా వద్దా అన్నది కూడా రాయి, ఎందుకంటే నేనింకా క్షమించలేకపోతున్నాను.

నీ
శ్రీనివాస్