కార్యదర్శి వార్షిక నివేదిక: ఇంటింటా బాల్సా విమానం

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారాలు. నెలవారీ సమావేశాలు ఎప్పటిలాగే జరిగాయి. ఈ ఏడాది మన సంఘం గర్వంగా చెప్పుకోవలసింది వేసవి కార్యక్రమం. పిల్లలను ఒకచోట చేర్చి నేర్పే బదులు, బాల్సా అనే తేలికపాటి చెక్కతో చేసి, రబ్బరు పట్టీ మెలికతో ఎగరేసే బొమ్మ విమానాన్ని ఎవరింట్లో వారే కట్టుకునేలా ప్లాను, చెక్క, టిష్యూ కాగితం, గుండుసూదులు ఇంటింటికీ చేర్చాం.

పొట్లాలు కట్టే ముందు చెక్కను తూచి వేరు చేయడానికే రెండు ఆదివారాలు పట్టింది. బాల్సాలో ఘనమీటరుకు 100 కిలోలకు అటూ ఇటూ తూగేదీ, 200 కిలోలు దాటేదీ ఉంటాయి. గట్టిదాన్ని రెక్కల్లోని పొడవాటి పుల్లలకు, తేలికైనదాన్ని తోకకు కేటాయించాం. తోక బరువెక్కితే దాన్ని సరితూచడానికి ముక్కులో అంతకు రెండు మూడింతల బంకమట్టి పెట్టవలసి వస్తుంది. కొండపల్లి నుంచి వచ్చిన ఒక సభ్యుడు ముక్కు దిమ్మెను తమ ఊరి బొమ్మలు చేసే తెల్ల పొణికి కర్రతో చెక్కి ఇచ్చారు. బాల్సా అంత తేలిక కాకపోయినా, బరువు కావలసిన చోట అది చక్కగా అమరింది.

ఏడో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి రెక్కకు టిష్యూ అతికించి, నీళ్లు చిలకరించి, పలకకు బిగించకుండా ఆరబెట్టింది. కాగితం బిగుసుకుని రెక్క అప్పడంలా వంకరపోయింది. నేను వాళ్లింటికి వెళ్లి మళ్లీ తడిపించి, గుండుసూదులతో పలకకు బిగింపజేస్తే తెల్లారేసరికి తిన్నగా వచ్చింది. ఎగరేసే రోజున ఆ విమానాన్నే మొదట రబ్బరు తిప్పకుండా గడ్డి మీదికి మెల్లగా వదిలాం. తల ఎత్తి, ఆగి, కిందికి జారింది. ముక్కులో కాస్త మట్టి అద్దాక నిలకడగా దిగింది. ఆ తర్వాత వంద మెలికలు తిప్పి వదిలితే మా తలల మీదుగా రెండు చుట్లు తిరిగి గట్టు పక్కన వాలింది. ఆ అమ్మాయి తాతగారు చెప్పులు విడిచి దాని వెంట పరుగెత్తారు.

ఇదంతా జరిగింది కోతలయిన ఒక రైతు పొలంలో. మైదానం అనుమతి కోసం సంబంధిత కార్యాలయానికి నాలుగుసార్లు తిరిగినా, దరఖాస్తు అందినట్టు రసీదు కూడా ఇవ్వలేదు. అంతకన్నా బాధ కలిగించింది మన ఇంటి సంగతి: సాయం చేస్తామని పేర్లిచ్చిన పదిమంది సభ్యులలో పొలానికి వచ్చినవారు ఇద్దరే. రాలేమని ముందే చెప్పి ఉంటే పిల్లలను రెండు విడతలుగా పిలిచేవాళ్లం.

జమాఖర్చుల పట్టికను విడిగా జతచేశాం. దిగుమతి చెక్క కొనుగోలుకే ఎక్కువ ఖర్చయింది, దయచేసి ఆమోదించగలరు.

పొలం ఇచ్చిన రైతు గారికి, చెక్క తూచిన కోశాధికారి గారికి, ఉదయం ఐదింటికే టీ, ఇడ్లీలు సిద్ధం చేసిన తల్లులకు, ఆ ఇద్దరు సభ్యులకు సంఘం తరఫున హృదయపూర్వక కృతజ్ఞతలు. వచ్చే వేసవికి సాయపడగలిగినవారు ఈ సమావేశంలోనే కోశాధికారి గారి పుస్తకంలో సంతకం చేయవలసిందిగా కోరుతున్నాను.