సమీకరణాల తప్పు ముద్రణపై నాలుగు నెలలుగా జవాబివ్వకపోవడం గురించి

విజయనగరం.

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

అయ్యా,

డిగ్రీ విద్యార్థుల కోసం నేను రాసిన గణిత పుస్తకాన్ని మీ సంస్థ జూన్‌లో అచ్చువేసింది. అందులో ఘాతాలు కిందికి దిగి మామూలు అంకెలైపోయాయి. వర్గ సమీకరణ మూలాల సూత్రంలో వర్గమూలం గీత బి స్క్వేర్ దాకా వచ్చి ఆగిపోయి, మైనస్ 4ఏసీ బయట మిగిలిపోయింది. తప్పులు ఏ ప్రెస్సులోనైనా దొర్లుతాయి. నన్ను బాధించింది ఆ తరువాత జరిగినదే.

మొదటిసారి ఫోన్ చేసినప్పుడు ఒక అమ్మాయి పేజీ నంబర్లన్నీ రాసుకుని, రెండు రోజుల్లో చెబుతామన్నారు. వారం చూసి నేనే చేస్తే, వేరొకరు ఎత్తి పుస్తకం పేరు దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టారు. మూడోసారి డీటీపీ విభాగానికి కలిపితే, 'మీరు పంపిన ఫైలే అలా ఉందండీ' అని తేల్చేశారు. నేను ఫైలు పంపనే లేదు. 312 పేజీలూ చేత్తో రాసి, ప్రతి భిన్నంలో గీత ఎక్కడి నుంచి ఎక్కడి వరకు ఉండాలో స్కేలు పెట్టి గీసి ఇచ్చాను. ఎర్ర సిరాతో దిద్దిన ప్రూఫులు ఏమయ్యాయో ఎవరూ చెప్పలేదు. చివరకు రైలెక్కి విశాఖలోని మీ కార్యాలయానికి వచ్చి, పదకొండు నుంచి మూడింటి దాకా బల్ల మీద కూర్చున్నాక, ఒక ఉద్యోగి పుస్తకం తిరగేసి, 'అంకెలూ గుర్తులూ అన్నీ ఉన్నాయి కదండీ మాస్టారూ, ఇంకేం కావాలి?' అన్నారు.

సమీకరణంలో గుర్తు ఉన్న చోటును బట్టే అర్థం వస్తుందండీ. ఎక్స్ తల మీద 2 ఉంటే వర్గం, పాదం దగ్గరుంటే అది వేరే చలరాశి. ఏ ప్లస్ బి మొత్తాన్ని సితో భాగించవలసిన చోట, కుండలీకరణాలు లేకుండా ఒకే వరుసలో ఏటవాలు గీత పెడితే, సి ఒక్క బినే భాగిస్తుంది. తన పుస్తకం ప్రూఫుల్లో అచ్చు నాణ్యత నచ్చకనే కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ నూత్ 1977లో, సమీకరణాలను అచ్చుకు సరిగ్గా కూర్చిపెట్టే టెక్ (TeX) అనే సాఫ్ట్‌వేర్ రూపకల్పనకు పూనుకున్నారు. అది నేటికీ ఉచితంగా దొరుకుతోంది.

2009 నుంచి నా పుస్తకాలన్నీ మీకే ఇచ్చాను. వేరేవారు ఎక్కువ ఇస్తామన్నా వెళ్లలేదు. అలాంటి నాకు మీ నుంచి ఒక్క ఉత్తరం రాలేదు.

మొన్న గంటస్తంభం దగ్గర పుస్తకాల కొట్లో ఒక విద్యార్థిని ఆ సూత్రమే చూపించి, 'ఇదెలా వచ్చింది మాస్టారూ?' అని అడిగింది. జేబులోని పెన్ను తీసి అక్కడే గీతను పొడిగించి ఇచ్చాను. అమ్ముడైన ఒక్కో పుస్తకం దగ్గరకూ నేను వెళ్లలేను. పదిహేను రోజుల్లోగా అమ్మకం ఆపి, సరిచేసిన పేజీలను కొన్న ప్రతి విద్యార్థికీ ఉచితంగా పంపుతామని మీ సంతకంతో రాసివ్వండి. లేకుంటే ఈ ఉత్తరం నకలుతో జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను.

ఇట్లు,
విశ్రాంత గణితాధ్యాపకుడు