దైవకణం సరే, కొలత ఏదండీ?

సంపాదకుడు గారికి,

ప్రోటాన్ లాంటి కణాల లోపలుండే క్వార్కులు బయటికి తన్నుకొచ్చేటప్పుడు మళ్లీ అలాంటి కణాలుగా, అంటే హాడ్రాన్లుగా మారడాన్ని ఎలా కొలుస్తున్నారనే విషయం మీద ఈమధ్య మీ సైన్స్ పేజీలో ఒక చిన్న వార్త వచ్చింది. దానికి ‘దైవకణం గుట్టు రట్టు’ అని శీర్షిక పెట్టారు. 2012 జులై 4న హిగ్స్ బోసాన్ గురించి ప్రకటించినప్పుడు మన పత్రికలు పట్టుకున్న పేరు అది. ఇక్కడ సంగతి వేరు. ఆ పొద్దున మా కింది పోర్షన్ ఆయన పేపర్ చేత్తో పట్టుకుని మేడెక్కి వచ్చి, “ఏమండీ, దేవుణ్ని మళ్లీ పట్టుకున్నారట!” అన్నారు. ఆయన తప్పేం లేదు.

నేను చెన్నైలో ఒక కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్‌లో అసిస్టెంట్‌గా చేసి రిటైరయ్యాను. లెక్చరర్ని కాను. వెర్నియర్లకు జీరో ఎర్రర్ ఎంతుందో చూడటం, సీనియర్ల రికార్డులోంచి రీడింగులు ఎత్తి రాసే పిల్లల్ని పట్టుకోవడం నా ఉద్యోగం. అందుకే ఏ ప్రయోగం గురించి చదివినా ‘ఎలా కొలిచారు’ అన్నదే ముందు వెతుక్కుంటాను. మీ వార్తలో అదొక్కటే లేదు.

ప్రోటాన్ లోపల క్వార్కులు ఉంటాయని 1964లో గెల్‌మాన్, జ్వైగ్ అనే శాస్త్రవేత్తలు ఎవరికి వారు ప్రతిపాదించారు. ఆ దశాబ్దం చివర్లో స్టాన్‌ఫర్డ్‌లో ఎలక్ట్రాన్లతో కొట్టి చూస్తే లోపల గట్టి గింజల్లాంటివి తగిలాయి. అయినా విడిగా ఒక్క క్వార్కు ఇంతవరకు ఎవరి కంటా పడలేదు. దాన్ని లాగే కొద్దీ పట్టు సడలదు. ఆ లాగుడు దాదాపు 16 టన్నుల బరువంత. చివరికి ఆ సాగదీతలో చేరిన శక్తే కొత్త క్వార్కుల జతలుగా మారి, అన్నీ కలిసి పయాన్లు, కేయాన్లు, ప్రోటాన్లు అవుతాయి. వీటినే హాడ్రాన్లంటారు. బయల్దేరింది పెళ్లికొడుకు ఒక్కడే, విడిదింట్లో దిగింది మాత్రం మగపెళ్లివారంతా!

అసలు ప్రశ్న, ఈ మార్పు ఎంత దూరంలో జరుగుతుందని. మిల్లీమీటరును లక్ష కోట్ల ముక్కలు చేస్తే వచ్చే ముక్కకు ఫెర్మీ అని పేరు. అంత చిన్న దూరాలకు స్కేలు ఎక్కడి నుంచి తెస్తారు? పరమాణు కేంద్రకాన్నే స్కేలు చేశారు. సీసం కేంద్రకం అడ్డంగా 14 ఫెర్మీలు ఉంటుంది.

వానాకాలం సాయంత్రం పార్క్ స్టేషన్ నుంచి సెంట్రల్‌కు వెళ్లే సబ్‌వేను తలుచుకోండి. గొడుగు ముడిచి పట్టుకున్నవాడు జనం సందుల్లోంచి జారిపోతాడు. బయట వాన కదా అని తొందరపడి లోపలే తెరిచాడా, ఇరుక్కున్నాడే. మనం బయట నిలబడి, ఎంతమంది తేలారో లెక్కపెడితే గొడుగులు ఎక్కడ తెరుచుకున్నాయో ఊహించవచ్చు. సబ్‌వే కేంద్రకం, ముడిచిన గొడుగు క్వార్కు, తెరిచినది హాడ్రాన్.

అమెరికాలోని జెఫర్సన్ ల్యాబ్‌లో దీనికి చేసిన ఏర్పాటు చూసి నేను ముచ్చటపడ్డాను. ఒకే ఎలక్ట్రాన్ పుంజం దారిలో ద్రవ డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్, కేంద్రకం బాగా చిన్నది) ఉన్న చిన్న పాత్ర, దాని వెనకాలే కార్బన్, ఇనుము, సీసం లాంటి వాటిలో ఏదో ఒక పలచని రేకు, రెండూ ఒకేసారి పెట్టారు. చెదిరిన ఒక్కో ఎలక్ట్రాన్‌కు ఎన్ని పయాన్లు బయటికొచ్చాయో రెండింటికీ లెక్కగట్టి, రేకు అంకెను డ్యుటీరియం అంకెతో భాగిస్తారు. ఒకటికి తగ్గితే కేంద్రకం మింగిందన్నమాట. పుంజం కాస్త అటూ ఇటూ అయినా, డిటెక్టర్ కొన్నిటిని వదిలేసినా, ఆ లోపం రెండింటికీ ఇంచుమించు ఒకేలా తగిలి భాగహారంలో చాలావరకు కొట్టుకుపోతుంది. మా ల్యాబ్‌లో నిరోధం కొలిచే మీటర్ బ్రిడ్జి మీద తెలిసిన నిరోధాన్నీ తెలియని నిరోధాన్నీ అటుదిటు మార్చి రెండోసారి రీడింగ్ తీయించేదీ ఇందుకే. మార్చకుండానే రెండో రీడింగ్ రాసేసేవాళ్లకు ఈ సంగతి చెప్పే అవకాశం నాకు అప్పట్లో లేకపోయింది.

అంతకుముందే జర్మనీలోని హాంబర్గ్‌లో హెర్మెస్ ప్రయోగం హీలియం, నియాన్, క్రిప్టాన్, జెనాన్ వాయువులతో చూసింది. కేంద్రకం బరువెక్కే కొద్దీ హాడ్రాన్లు తగ్గాయి. ఎలక్ట్రాన్ క్వార్కుకు ఎక్కువ శక్తి అందించినప్పుడు ఆ తరుగు కూడా తగ్గింది. వేగంగా వెళ్లేవాడు గొడుగు తెరిచేలోపే సబ్‌వే దాటేస్తాడు కదా! అయితే నా పోలిక అంతా అతకదు. గొడుగు ముడిచినా జనం తోపులాటలో నీరసం వస్తుంది. క్వార్కు కూడా దారిలో గ్లువాన్లను (క్వార్కులను అతికించి ఉంచే కణాలను) వెదజల్లి శక్తి కోల్పోతుంది. తరుగులో దాని వాటా ఎంత, లోపలే తయారై చిక్కుకున్న హాడ్రాన్ల వాటా ఎంత అన్నది ఇంకా పేచీలోనే ఉంది. న్యూయార్క్ దగ్గర బ్రూక్‌హేవెన్‌లో కట్టడానికి 2020లో నిర్ణయించిన ఎలక్ట్రాన్-అయాన్ కొలైడర్ (ఎలక్ట్రాన్లను కేంద్రకాలతో ఢీకొట్టించే యంత్రం) తేల్చాల్సిన వాటిలో ఇదొకటి.

ఇంత కథను ‘గుట్టు రట్టు’ అంటే ఎలాగండీ?

చెప్పేవాళ్లు లేరనుకోవద్దు. జపాన్‌లో కేంద్రకం అడ్డే లేకుండా, ఎలక్ట్రాన్, దాని ప్రతికణమైన పాజిట్రాన్ ఢీకొన్నప్పుడు పుట్టే హాడ్రాన్లను లెక్కపెట్టిన బెల్ బృందంలో మన ఐఐటీ మద్రాస్ వాళ్లున్నారు. తరమణిలో గణిత విజ్ఞాన సంస్థ ఉంది. నెల్లూరు జిల్లా మూలాలున్న కుటుంబంలోని అల్లాడి రామకృష్ణన్ మైలాపూర్‌లో తమ ఇంట్లో నడిపిన సెమినార్ల నుంచే అది 1962లో పుట్టింది. అక్కడ తెలుగు వచ్చినవాళ్లను వెతికి నెలకు ఒక్క వ్యాసం రాయించండి. ఏజెన్సీ వార్తను తెలుగు చేసేటప్పుడు ‘ఎలా కొలిచారు’ అన్న పేరాను మాత్రం కత్తిరించకండి. జాగా చాలకపోతే శీర్షిక సైజు తగ్గించండి.

ముందుగా ఆ ‘దైవకణం’ శీర్షికకు రెండు లైన్ల సవరణ వేయండి. కింది పోర్షన్ ఆయనకు నేను నోటితో ఎంత చెప్పినా, పేపర్లో పడితేనే నమ్ముతానంటున్నారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ల్యాబ్ అసిస్టెంట్,
పెరంబూర్, చెన్నై