పెంపుడు జంతువుకు చేసిన వైద్యానికి కాగితం ఇవ్వరా?

సంపాదకులు గారికి నమస్కారం.

మా బుజ్జి పటమటలో మా వీధిలోనే పుట్టిన నాటు కుక్క. దానికి ఏడేళ్లు. మొన్నటి వర్షాకాలంలో అది జబ్బుపడినప్పుడు నాలుగు రోజుల వ్యవధిలో విజయవాడలోనే రెండు క్లినిక్‌ల మెట్లెక్కవలసి వచ్చింది. ఆ రెండింటిలో నేను గమనించిన తేడా కుక్కనో పిల్లినో పెంచుకునే ప్రతి ఇంటివారికీ తెలియాలని ఈ లేఖ రాస్తున్నాను.

మొదట వెళ్లినది పెద్ద క్లినిక్. అద్దాల తలుపులు, ఏసీ గది, పక్కనే స్నానం చేయించి బొచ్చు కత్తిరించే విభాగం, ఇంటర్నెట్‌లో మంచి రేటింగు. రెండు రోజులుగా అన్నం ముట్టడం లేదని, ఒళ్లు కాలిపోతోందని చెప్పగానే లోపలికి తీసుకెళ్లి రెండు ఇంజెక్షన్లు వేసి, చిన్న కాగితపు కవరులో కొన్ని మాత్రలు పోసి ఇచ్చారు. బరువు తూచలేదు, “పదిహేను కిలోలుంటుందిలెండి” అని కంటితోనే అంచనా కట్టారు. 700 రూపాయలు తీసుకుని ఇచ్చిన రసీదు మీద “ట్రీట్‌మెంట్” అన్న ఒక్క మాట తప్ప ఏమీ లేదు. ఆ సాయంత్రానికి బుజ్జి లేచి నాలుగు ముద్దలు తినడంతో నేనూ ఇక అడగలేదు.

నాలుగో రోజు పొద్దున్నే దాని ముక్కులోంచి రక్తం కారింది. పెద్ద క్లినిక్ ఇంకా తెరవకపోవడంతో రెండు వీధుల అవతల ఒకే గదిలో నడిచే మరో క్లినిక్‌కు తీసుకెళ్లాం. అక్కడి డాక్టరు గారు ముందుగా దాన్ని త్రాసు మీద నిలబెట్టారు. పంతొమ్మిదిన్నర కిలోలు. పై పెదవి ఎత్తి నాకు చూపించారు. గులాబీ రంగులో ఉండవలసిన చిగుళ్లు సున్నం కొట్టినట్లు పాలిపోయి ఉన్నాయి. చెవి మడతలో రెండు గోమార్లు దొరికాయి. కాస్త రక్తం తీసి గాజు పలక మీద పూసి మైక్రోస్కోపు కింద చూసి, మిగిలినది ల్యాబుకు పంపారు. ప్లేట్‌లెట్లు 38,000కు పడిపోయాయి. గోమార్ల వల్ల వచ్చే ఎర్లీకియా అనే జబ్బని, డాక్సీసైక్లిన్ 28 రోజులు ఆపకుండా వాడాలని చెప్పారు.

ఆ తరువాత ఆయన అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది. “ఇంతకుముందు వేసిన ఇంజెక్షన్లేమిటమ్మా? వాటిలో స్టెరాయిడ్ ఉందా?” స్టెరాయిడ్ వేసిన ఒంట్లో నొప్పుల మందు కూడా పడితే కడుపులో పుండ్లు పడి రక్తం పోయే ప్రమాదం ఉందని, అసలే ప్లేట్‌లెట్లు పడిపోయిన కుక్క విషయంలో ఆ సాహసం చేయలేనని అన్నారు. మొదటి క్లినిక్‌కు ఫోన్ చేస్తే, “జ్వరానికి వేశామండి, ఏం ఫరవాలేదు” అన్నారే గాని మందు పేరు చెప్పలేకపోయారు, ఎందుకంటే వాళ్లూ ఎక్కడా రాసుకోలేదు. ఆ రెండు పేర్లు తెలియక, నొప్పి తగ్గించే మందు బల్ల మీదే ఉన్నా వేయలేకపోవడంతో ఆ రాత్రంతా బుజ్జి మూలుగుతూనే ఉంది. దాని తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్న నేను ఆ రాత్రిని మరిచిపోలేను.

బుజ్జి కోలుకుంది. ఆ రెండో క్లినిక్ ఇచ్చిన చీటీ మా ఇంట్లో భద్రంగా ఉంది. తేదీ, బరువు, జ్వరం ఎంత, మందు అసలు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, పూటకు ఎన్ని, ఎన్నాళ్లు, కింద డాక్టరు గారి సంతకం, నమోదు సంఖ్య. ఫీజు మొదటిచోట కంటే తక్కువేమీ కాదు, రక్తపరీక్షతో కలిపి ఎక్కువే అయింది. అయినా ఎవరైనా నన్ను ఏ క్లినిక్ మంచిదని అడిగితే, మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో రోజూ వినపడే “ఎక్కడ ఫీజు తక్కువ” అన్న ప్రశ్నను పక్కన పెట్టి, బయటికి వచ్చేటప్పుడు వాళ్లు మీ చేతిలో ఏ కాగితం పెట్టారో చూడండి అనే చెబుతున్నాను.

చట్టంలో దీనికి ఆధారం లేకపోలేదు. భారత పశువైద్య మండలి చట్టం 1984లో వచ్చింది. దాని ప్రకారం రిజిస్టరులో పేరున్న పశువైద్యులే వైద్యం చేయాలి. డిప్లొమా, సర్టిఫికెట్ ఉన్నవారు చిన్నపాటి సేవలను ఆ పశువైద్యుల పర్యవేక్షణలోనే అందించాలి. 1945 నాటి ఔషధ నియమావళి మందుల చీటీ లిఖితపూర్వకంగా, తేదీతో, సంతకంతో ఉండాలని చెబుతూ, పశువుల మందు అయితే యజమాని పేరు, చిరునామా, మొత్తం మందు ఎంత, మోతాదు ఎంత అన్నవి కూడా రాయాలని స్పష్టంగా పేర్కొంది. కాని ఆ చీటీ మందుల షాపులో చూపించేందుకు ఉద్దేశించినది. డాక్టరే తన అలమరలోని సీసా తీసి ఇంజెక్షన్ వేసినప్పుడు, కవరులో మాత్రలు పోసి ఇచ్చినప్పుడు షాపుకు వెళ్లే పనే ఉండదు కనుక చీటీ కూడా ఉండడం లేదు. మా బుజ్జి విషయంలో జరిగింది సరిగ్గా ఇదే.

టీకాల సంగతి ఇంకా ముఖ్యం. పార్వో వంటి జబ్బులకు కుక్కపిల్లకు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి పదహారు వారాలు వచ్చేదాకా కొన్ని వారాల ఎడంతో టీకాలు వేయిస్తాం. టీకా మందు 2 నుంచి 8 డిగ్రీల చలిలోనే నిలవ ఉండాలి. మే నెల బెజవాడ ఎండలో, కరెంటు పోయిన మధ్యాహ్నాల్లో ఆ ఫ్రిజ్ ఎలా ఉందో మనకు తెలియదు. మన కళ్లెదుటే సీసా తెరిచి, దాని మీది బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉన్న స్టిక్కరు ఊడదీసి టీకా పుస్తకంలో అంటించి సంతకం పెట్టేవారు కొందరు. పుస్తకంలో ఓ టిక్కు పెట్టి పంపేవారు కొందరు. రేపు ఆ కుక్క పక్కింటి పిల్లవాణ్ని కరిస్తే ఆసుపత్రిలో మొదట అడిగేది దానికి రేబిస్ టీకా వేయించారా అనే. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి పెంపుడు కుక్కను పంపాలనుకునే కుటుంబాలైతే మరీ జాగ్రత్త పడాలి. 2024 ఆగస్టు 1 నుంచి అమలులో ఉన్న అక్కడి నిబంధనల ప్రకారం, మన దేశం నుంచి వెళ్లే కుక్కకు ముందు మైక్రోచిప్ అమర్చి ఆ తరువాతే రేబిస్ టీకా వేయించినట్లు పత్రాల్లో ఉండాలి.

పిల్లుల విషయంలో నోటిమాట ప్రాణం మీదికి తెస్తుంది. “జ్వరం మందు వేయండి” అని ఫోనులో చెబితే, ఇంట్లో ఉన్న పారాసెటమాల్ అరముక్క వేసేవారు ఉన్నారు. పిల్లి శరీరం ఆ మందును జీర్ణించుకోలేదు. ఆ అరముక్కే దాన్ని చంపగలదు.

పశువైద్యుల కష్టం నాకు తెలియనిది కాదు. సాయంత్రం ఆరు నుంచి రాత్రి తొమ్మిది దాకా వరసగా మొరిగే, గీరే, కరిచే జీవాలను చూస్తూ ప్రతిదానికీ అరపేజీ రాయడం తేలిక కాదు. అయితే ఆ ఒకే గది డాక్టరు గారికి సహాయకుడు కూడా లేడు. ముందే అచ్చు వేయించుకున్న కాగితంలో ఖాళీలు నింపడానికి ఆయనకు రెండు నిమిషాలు పట్టింది.

అందువల్ల రాష్ట్ర పశువైద్య మండలికి, పశుసంవర్ధక శాఖకు నా విన్నపం ఇది. ప్రభుత్వ, ప్రైవేటు తేడా లేకుండా ప్రతి వైద్యశాలలో జంతువు బరువు, ఇచ్చిన ప్రతి మందు అసలు పేరు, మోతాదు, వైద్యుని నమోదు సంఖ్య ఉన్న చీటీ ఇవ్వడాన్ని, దాని నకలు దాచడాన్ని తప్పనిసరి చేయండి. పాఠకులకు కూడా ఒక మాట. జబ్బు చేసిన రోజు హడావిడిలో క్లినిక్ వెతుక్కోకుండా, కుక్క ఆరోగ్యంగా ఉన్నప్పుడే నులిపురుగుల మందు కోసం ఒకసారి వెళ్లి, తూస్తారా, రాసి ఇస్తారా, రాత్రివేళ ఎవరికి ఫోన్ చేయాలో చెబుతారా అన్నవి చూసుకోండి.

లూయీ పాశ్చర్ 1885లో మనిషికి తొలి రేబిస్ టీకా వేయించిన జూలై 6న ఏటా మన ప్రభుత్వ పశువైద్యశాలల్లో కుక్కలకు ఉచితంగా రేబిస్ టీకా వేస్తారు. పిల్లలు గొలుసులు పట్టుకుని వరసలో నిలబడతారు. వచ్చే జూలైలో ఆ వరసలో ఉన్న ప్రతి ఒక్కరికీ, టీకాల గడులతో పాటు మందులు రాయడానికి ఖాళీ పేజీలు కూడా ఉన్న ఒక చిన్న పుస్తకం ఇవ్వాలని శాఖాధికారులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
పటమట, విజయవాడ.