ఆర్‌పీఎం పడిపోతే ఎండను తప్పుపట్టకండి

సంపాదకులకు,

సొంతంగా విమానం తయారు చేసుకున్నవారి గురించి పత్రికల్లో తరచూ వార్తలు చూస్తున్నాం. రెక్కల కొలతలు, ఖర్చు, ఎగిరిన రోజు ముచ్చట్లు అన్నీ ఉంటాయి. ఫుల్ థ్రాటిల్ ఇచ్చినా ఇంజిన్ ఆర్‌పీఎం, అంటే నిమిషానికి తిరిగే చుట్లు, రావలసినన్ని రాకపోతే ఏం చేయాలో మాత్రం ఎవరూ రాయడం లేదు. ప్రాణం మీదికి వచ్చేది అక్కడే.

అందరూ ముందు ఎండను అంటారు. బేగంపేట సముద్రమట్టానికి సుమారు 1,740 అడుగుల ఎత్తు. 40 డిగ్రీల మధ్యాహ్నం అక్కడి గాలి 5,000 అడుగుల ఎత్తున ఉన్నంత పలచబడుతుంది. ఇంజిన్ బలం ఆరో వంతు తగ్గుతుంది, నిజమే. కానీ పలచని గాలిని కోయడం ప్రొపెల్లర్‌కూ తేలికే. అందుకే పిచ్ (రెక్కల వాలు) మారని ప్రొపెల్లర్‌తో విమానాన్ని నిలబెట్టి చూస్తే ఆర్‌పీఎం పాతిక, ముప్పై పడుతుంది, అంతే. ఎప్పుడూ 2,300 తిరిగే లైకమింగ్ ఓ-320 ఇంజిన్ 2,150 దగ్గరే ఆగిపోతే అది ఎండ పని కాదు. ఆర్‌పీఎం మీటరు సరైనదే అయితే బలం 18 శాతం దాకా పోయినట్టే. ప్రొపెల్లర్ తీసుకునే బలం ఆర్‌పీఎం ఘనాన్ని బట్టి మారుతుంది మరి.

చక్రాలకు అడ్డుకట్టలు పెట్టి, తోకను కట్టేసి, గాలి లేని వేళ చూడాలి. ఫుల్ థ్రాటిల్ పది పదిహేను సెకన్లు చాలు. ముందుగా, వెలుతురు ఆధారంగా ఆర్‌పీఎం కొలిచే ఆప్టికల్ టాకోమీటర్‌తో మీటరును సరిచూడాలి. ట్యూబ్‌లైట్ల కింద అది తప్పు చూపుతుంది, ఆరుబయటే పట్టాలి. తర్వాత ఇంజిన్ మీది మూత (కౌలింగ్) తీసి, కాక్‌పిట్‌లో థ్రాటిల్ పూర్తిగా నెట్టినప్పుడు కార్బురేటర్ మీది చేయి చివరి స్టాప్‌ను తాకుతోందో లేదో చూడాలి. కేబుల్ క్లాంప్ జారితే తాకదు. కార్బురేటర్‌కు వేడిగాలి పంపే దారిలోని కార్బ్ హీట్ రేకు పూర్తిగా మూసుకోకపోతే ఇంజిన్ వేడిగాలి పీలుస్తుంది. గాలి గొట్టం లోపలి పొర ఊడితే ఆపి చూసినప్పుడు బాగానే కనిపిస్తుంది, ఫుల్ థ్రాటిల్‌లో మాత్రం లోపలికి ముడుచుకుపోతుంది. మఫ్లర్ లోపలి రేకు విరిగి పొగ దారికి అడ్డం పడ్డా ఇదే లక్షణం.

ప్లగ్గులకు నిప్పురవ్వ అందించే మాగ్నెటోలు రెండుంటాయి. ఒక్కోదాని మీదే ఇంజిన్ నడిపి చూసే మాగ్నెటో పరీక్షలో ఆర్‌పీఎం 175 కన్నా ఎక్కువ పడకూడదు, రెండింటి మధ్య తేడా 50 దాటకూడదు. ఇక్కడో మోసం ఉంది. రెండు మాగ్నెటోలు నిప్పురవ్వ ఇచ్చే టైమింగూ ఒకేలా వెనకబడితే ఈ పరీక్షలో ఏమీ తేలదు. టైమింగ్ లైటు పెట్టి, ఇంజిన్ ప్లేటు మీది డిగ్రీలతో పోల్చాల్సిందే. కంప్రెషన్ పరీక్షలో సిలిండర్‌లోకి 80 పీఎస్‌ఐ ఒత్తిడితో గాలి ఇస్తే 60 కన్నా తక్కువ నిలిచిన సిలిండర్ దగ్గర చెవి పెట్టండి. ఎగ్జాస్ట్‌లో బుసకొడితే ఎగ్జాస్ట్ వాల్వు, కార్బురేటర్‌లో అయితే ఇన్‌టేక్ వాల్వు, ఆయిల్ పోసే గొట్టంలో అయితే పిస్టన్ రింగులు కారణం. కంప్రెషన్ బాగుండి కూడా బలం లేకపోతే వాల్వులు ఎంత లేస్తున్నాయో కొలవాలి. వాల్వులను లేపే కామ్ అరిగినా కంప్రెషన్ మామూలుగానే ఉంటుంది.

ఇవేవీ చూడకుండా ప్రొపెల్లర్ పిచ్ తగ్గించేవారిని చూస్తే భయమేస్తుంది. ఆర్‌పీఎం తిరిగొస్తుంది, జబ్బు మాత్రం లోపలే దాగి ఉంటుంది. పిచ్ జోలికి వెళ్లాల్సింది కొత్త ప్రొపెల్లర్ బిగించినప్పుడు, అదీ పై పరీక్షలన్నీ నెగ్గాకే. ఇంజిన్ ఆరోగ్యంగా ఉన్న రోజే ఆర్‌పీఎం, ఉష్ణోగ్రత, ప్రొపెల్లర్ కొలతలు లాగ్‌బుక్‌లో రాసి పెట్టుకోండి. పాత అంకె మళ్లీ వచ్చేదాకా విమానాన్ని షెడ్డులోంచి తీయకండి.

ఇట్లు,
ఒక విమాన మెకానిక్, హైదరాబాద్