జాతి గొప్పదా, వేపచెట్టు గొప్పదా: పశుసంవర్ధక శాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి నమస్కారం.

నాది నల్లగొండ జిల్లా, దేవరకొండ వైపు. నాలుగెకరాల పత్తి, కొద్దిగా బత్తాయి తోట ఉన్నాయి. మాంసం కోసం కుందేళ్లు పెంచబోయి చేతులు కాల్చుకున్నాను. పరిహారం అడగడానికి ఈ లేఖ రాయడం లేదు. ఏ జాతి కుందేలు మా ఎండలకు తట్టుకుంటుందో చెప్పేవారు లేకపోవడమే నా బాధ.

నాకు యూనిట్ అమ్మిన కంపెనీ ఏడు ఆడవి, మూడు మగవి ఇచ్చింది. అన్నీ న్యూజిలాండ్ వైట్. (పేరు న్యూజిలాండ్‌ది గాని, ఆ జాతిని తీర్చిదిద్దింది అమెరికాలోనట.) జాతిని నిందించను. చలికాలంలో జత కట్టించిన 31 రోజులకు ఈనాయి, ఈతకు ఆరేడు పిల్లలు. పన్నెండు వారాలకు పిల్లలు రెండు కిలోలకు దగ్గరపడ్డాయి. కోస్తే అందులో సగం మాంసం. వేరుశనగ కట్టె, సుబాబుల్ ఆకు, కాస్త దాణాతో ఇంత దిగుబడి వస్తుంటే ఎవరికి ఆశ పుట్టదు?

మే నెల ఆ ఆశను ఆవిరి చేసింది. మా వైపు 44 డిగ్రీలు దాటిన రోజులున్నాయని మీకు తెలియనిది కాదు. కుందేలుకు మనలా చెమట పట్టదు. లోపలి వేడిని ఎక్కువగా చెవుల ద్వారానే బయటికి పంపుతుంది. దాని ఒంటి వేడి 39 డిగ్రీల దరిదాపు. గాలే అంతకన్నా వేడిగా ఉంటే ఆ చెవులు ఏం చేయగలవు? రేకుల షెడ్డు చుట్టూ తడి గోనెపట్టాలు కట్టాం, రేకుల మీద నీళ్లు చల్లాం. అయినా రెండు తల్లులు కడుపుతోనే పోయాయి. తొలకరి పడ్డాక జత కట్టించినా మిగతావాటికి చూలు నిలవలేదు. తల్లులు గొడ్డుపోయాయనుకుని రెండింటిని అమ్మేశాను. ఎండదెబ్బకు మగవాటి వీర్యం చెడుతుందని, కోలుకోవడానికి వారాలు పడుతుందని పశువైద్యుడు ఆ తర్వాత చెప్పారు. తప్పు మగవాటిది, శిక్ష ఆడవాటికి!

కంపెనీకి ఫోను చేస్తే ఫ్లెమిష్ జెయింట్ కొనమన్నారు. ఆరు కిలోలు తూగుతుందని వాళ్ల లెక్క. అది ముందు ఎముక పెంచుకుని తర్వాత కండ పట్టే జాతి. తిండి ఎక్కువ, తీగ గూళ్లలో పాదాలు పుండ్లవుతాయి. పైగా ఒళ్లు పెద్దదైతే వేడి దించుకోవడం ఇంకా కష్టం. పిల్లలను తిరిగి కొంటామన్నవాళ్లు, అమ్మకానికి తెచ్చేసరికి ఫోను ఎత్తడం మానేశారు.

మహబూబ్‌నగర్ జిల్లాలో మా బావమరిది దగ్గర బూడిదరంగు సోవియట్ చించిల్లాలు ఉన్నాయి. అదే వేసవిలో ఒక్కటి మాత్రమే చనిపోయింది. ఇక జాతి దొరికిందని సంబరపడ్డాను. తీరా వెళ్లి చూస్తే ఆయన షెడ్డు రెండు వేపచెట్ల నీడలో ఉంది, పైన తాటాకు కప్పు. గెలిచింది చించిల్లానా, వేపచెట్టా? ఇద్దరం తేల్చుకోలేకపోయాం.

అది తేల్చమనే అడుగుతున్నాను. కొడైకెనాల్ దగ్గర మన్నవనూరులో కేంద్ర గొర్రెల, ఉన్ని పరిశోధన సంస్థకు కేంద్రం ఉంది, అక్కడ మేలు జాతులు దొరుకుతాయి. కాని అది చల్లని కొండ ప్రాంతం. అక్కడ నిగ్గుతేలిన జాతి ఇక్కడ నిలుస్తుందని ఎలా నమ్మాలి? రాజేంద్రనగర్‌లోని మన పశువైద్య విశ్వవిద్యాలయం వారితో నల్లగొండలోనో, మహబూబ్‌నగర్‌లోనో ఒకే కప్పు కింద, ఒకే మేతతో న్యూజిలాండ్ వైట్, కాలిఫోర్నియన్, చించిల్లాలను రెండు వేసవులు పెంచి చూపించండి. ఎన్ని చచ్చాయి, వానలు పడ్డాక ఎన్నింటికి చూలు నిలిచింది, పన్నెండో వారం బరువెంత, ఈ మూడు లెక్కలు తెలుగులో ప్రతి పశువైద్యశాల గోడ మీదా అంటించండి. బరువొక్కటే చూపే లెక్క మాకు వద్దు, అది కంపెనీ కరపత్రంలోనే ఉంది. దగ్గరి రక్తం కలవకుండా, వేర్వేరు తండ్రులకు పుట్టిన మగవాటిని రైతుకు అమ్మే ఏర్పాటు కూడా కావాలి. నాకు అంటగట్టిన పదీ ఒక్క తండ్రి బిడ్డలేనని నా అనుమానం.

మరో చిన్న పని. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కాపాడేది అడవిలో తిరిగే చెవులపిల్లిని. మేం పెంచేది వేరే జాతి. రెంటినీ కుందేలే అంటాం కాబట్టి మాంసం కొనేవాళ్లు కేసు భయంతో వెనక్కి తగ్గుతున్నారు. మీ శాఖ నుంచి ఒక్క ప్రకటన వస్తే చాలు.

గొర్రెల పథకంలా 75 శాతం రాయితీ ఇమ్మని అడగడం లేదు. పరీక్షకు గూళ్లు కావాలంటే నా దగ్గర పదిహేను ఖాళీగా ఉన్నాయి, పట్టుకెళ్లండి. మార్చి లోపే మొదలుపెడితే మే నెల చేజారదు.

ఇట్లు,
దేవరకొండ ప్రాంత రైతు