ఈ వేసవిలో చుట్టాలకి ఊరు చూపించే పని పిల్లలదే

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పరీక్షలు అయిపోయాయి. ఇంకో వారంలో నెల్లూరు నుంచో, ఒంగోలు నుంచో, చిత్తూరు నుంచో మీ ఇళ్లకి చుట్టాలు దిగుతారు. వచ్చినవాళ్లని టీనగర్ బట్టల కొట్లకి తిప్పడం, ఓ సాయంత్రం మెరీనాకి తీసుకెళ్లడం, రైలెక్కించడం ఏటా జరిగేదే. జూన్‌లో బడి తెరిచాక ‘సెలవుల్లో ఏం చూశార్రా’ అని అడిగితే పిల్లలు చెప్పే పేర్లలో సగం మాల్స్‌వే ఉంటున్నాయి. ఈసారి ఊరు చూపించే పని మీ పిల్లలకే అప్పజెప్పమని అడుగుతున్నాను. వాళ్లలో చాలామంది చెన్నైలోనే పుట్టారు. అయినా ఇది వేరేవాళ్ల ఊరు, మనం అద్దెకుంటున్నాం అన్నట్టు మాట్లాడతారు. అది నాకు బాధగా ఉంటుంది.

ముందు ఎగ్మోరు మ్యూజియానికి పంపండి. 1851లో మొదలైంది. అందరూ కంచు నటరాజుల కోసం వెళ్తారు, అవీ చూడాల్సినవే. మనవాళ్లు మాత్రం లోపలికి వెళ్లగానే అమరావతి శిల్పాలు ఎటువైపు అని అడగాలి. కృష్ణ ఒడ్డున ఉన్న స్తూపం నుంచి వచ్చిన రాళ్లవి. కొన్ని లండన్ చేరాయి, ఇంకెన్నో ఇక్కడే ఉన్నాయి. వాటిలో గుండ్రటి పలక ఒకటుంది, సుమారు 1800 ఏళ్ల కిందటిది. మదమెక్కిన నాళాగిరి ఏనుగు ఒకవైపు వీధిలోకి దూసుకొచ్చి మనుషుల్ని తొక్కేస్తుంటుంది. ఇంకోవైపు బుద్ధుడి పాదాల ముందు మోకరిల్లి ఉంటుంది. మేడ కిటికీల్లోంచి జనం తొంగి చూస్తుంటారు. కింద ఉన్నవాళ్లు భయంతో ఒకరినొకరు పట్టుకుంటారు. పిల్లలకి కథ ముందే చెప్పేయకండి. ‘ఇందులో ఏనుగులెన్ని?’ అని మాత్రం అడిగి ఊరుకోండి. రెండంటారు. కాస్త ఓపిక పడితే, ఉన్నది ఒకటేనని, ముందు జరిగిందీ తర్వాత జరిగిందీ ఒకే రాతిలో చెక్కారని వాళ్లే కనిపెడతారు. ఆ తర్వాత అమ్మమ్మకో బాబాయికో వాళ్లే వివరిస్తారు, మీరు పక్కనుండి వినండి.

రెండోది మైలాపూరు. పొట్టి శ్రీరాములుగారి గురించి పిల్లలు పాఠంలో చదువుకున్నారు. ఆయన 1952లో 58 రోజులు నిరాహారదీక్ష చేసి డిసెంబర్ 15న కన్నుమూసింది రాయపేట హైరోడ్డులోని బులుసు సాంబమూర్తిగారి ఇంట్లోనే. అక్కడిప్పుడు స్మారక భవనం ఉంది. బస్సులో రోజూ దాని ముందు నుంచే వెళ్లే పిల్లలు కూడా మనలో ఉన్నారు. సాయంత్రమైతే దగ్గర్లోనే ఉన్న నాగేశ్వరరావు పార్కులో కాసేపు కూర్చోవచ్చు. ఆంధ్రపత్రిక, అమృతాంజనం స్థాపించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరే అది. ఇంట్లో పెద్దవాళ్లకి ఆ రెండు పేర్లూ చెబితే చాలు, మిగతా కబుర్లు వాళ్లే చెప్తారు.

చిన్నపిల్లలున్న ఇళ్లవాళ్లు గిండీ పిల్లల పార్కుకి వెళ్లండి. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువైన కృష్ణజింకని ఇంత పెద్ద నగరం నడిబొడ్డున చూడొచ్చు. పక్కనే పాముల పార్కు. కోట చూడాలనుకుంటే సెయింట్ జార్జి కోటకి వెళ్లొచ్చు. 1639లో ఆ నేల మీద కోట కట్టుకోవడానికి ఇంగ్లీషువాళ్లకి అనుమతిచ్చింది దామెర్ల వెంకటాద్రి నాయకుడన్న సంగతి పిల్లల చేతే చెప్పించండి.

ఇక ఎండ సంగతి. మధ్యాహ్నం ఎవరినీ బయట తిప్పొద్దు. పొద్దున్నే మ్యూజియం లాంటివి చూసుకుని, భోజనం వేళకి ఇల్లు చేరి, మళ్లీ సాయంత్రం బయల్దేరితే సరిపోతుంది. నేల బాగా వేడెక్కాక సముద్రం మీది గాలి లోపలికి తిరుగుతుంది, అప్పటికి మెరీనాలో ఉంటే హాయిగా ఉంటుంది. తోవలో తాటిముంజలు కనిపిస్తే వదలకండి. బీచ్‌లో సుండల్ (గుగ్గిళ్లు) తింటూ, నలుగురు కూలీలు బండని కదిలిస్తున్న శ్రామికుల విగ్రహం దగ్గర ఆగండి. దేవీప్రసాద్ రాయ్ చౌధురి చేసిన ఆ విగ్రహం 1959 నుంచి అక్కడుంది.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెబుతున్నాను. మెరీనాలో పిల్లల్ని నీళ్లలోకి దిగనివ్వకండి. వెనక్కి మళ్లే కెరటం లాగే బలం చాలా ఎక్కువ, ఈతొచ్చిన పెద్దవాళ్లే అక్కడ ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఊరి నుంచి వచ్చే పిల్లలు కాలవల్లో ఈదినవాళ్లు, సముద్రాన్ని చూసి భయపడరు. వాళ్ల మీదే ఎక్కువ కన్నేసి ఉంచండి.

మ్యూజియానికి శుక్రవారం సెలవు. గిండీ పార్కుకీ, పాముల పార్కుకీ మంగళవారం సెలవు. కొట్లలో, సైట్లలో పనిచేసే తల్లిదండ్రులకి ఆదివారం తప్ప వీలుపడదని నాకు తెలుసు. ఆదివారం మూడూ తెరిచే ఉంటాయి.

చుట్టాలు రాని పిల్లలు, తీసుకెళ్లేవాళ్లు లేని పిల్లలు కూడా ఉంటారు. మే మొదటి ఆదివారం నేనూ, సోషల్ మాస్టారూ వాళ్లని ఎగ్మోరు మ్యూజియానికి తీసుకెళ్తున్నాం. పొద్దున ఎనిమిదిన్నరకి బడి గేటు దగ్గరకి రావాలి, మధ్యాహ్నం భోజనం వేళకి తిరిగొచ్చేస్తాం. టోపీ, నీళ్ల సీసా ఇచ్చి పంపండి. వెంట రాగల పెద్దవాళ్లు ఇద్దరు ముగ్గురుంటే మాకు ధైర్యంగా ఉంటుంది. పేర్లు ఈ శుక్రవారంలోగా క్లాసు టీచరుకి ఇవ్వండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు